ఈస్టు మీద అనుమానం

ఆ ఇడ్లీలు అంత బాగా పొంగడమే నాకు కలిగిన మొదటి అనుమానం.

జెర్సీ సిటీలో మేముండే పాత ఇటుకల బిల్డింగులో అది మాకు రెండో చలికాలం. మొదటి చలికాలం మొత్తం మీద మా పిండి ఒక్కసారీ పొంగలేదు. పప్పు నానబెట్టేవాళ్ళం, బ్లెండర్‌లో రుబ్బేవాళ్ళం, డబ్బాల్లో దొరికే బియ్యపు రవ్వ కలిపేవాళ్ళం. గిన్నెని రేడియేటర్ పక్కన పెట్టి, దుప్పటి కప్పి, జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు మాటిమాటికీ మూత తీసి చూసేవాళ్ళం. పిండి మాత్రం మా వైపు చూసేది కాదు. దాంతో వేసిన ఇడ్లీలు పళ్ళెంలో పెడితే చప్పుడు వినిపించేది. బాత్రూమ్ తలుపు దానంతటది మూసుకుపోతూ ఉంటే కొన్నాళ్ళు ఒక ఇడ్లీని అడ్డం పెట్టాం. బాగా పనిచేసింది.

అలాంటిది, ఆ ఆదివారం పొద్దున మూత తీసేసరికి పిండి గిన్నె అంచు దాటి, దుప్పటికి అంటుకుని, నేల మీదికి దిగే ప్రయత్నంలో ఉంది. పుల్లటి వాసనతో పాటు ఇంకేదో వాసన కూడా వచ్చింది. బారు పక్కనుంచి నడిచి వెళ్తే వచ్చేలాంటిది.

"ఏరా, దీనికేమైంది?" అన్నాను.

"పొంగింది," అన్నాడు మా రూమ్మేట్.

"అది కనపడుతోంది. ఎందుకు పొంగిందీ అని."

"పిండి పొంగితే నీకు బాధేంట్రా? పొంగకపోతే నాలుగు నెలలు ఏడిచావు."

ప్రశ్నకి ప్రశ్నతో జవాబు చెప్పేవాణ్ణి నేను నమ్మను. అయినా ఆకలి మీద ఉన్నాను కాబట్టి విచారణ వాయిదా వేశాను.

మా రూమ్మేట్‌ది తణుకు. హడ్సన్ నదికి అవతల ఒక కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. నేను అదే కాలేజీలో కంప్యూటర్లు చదువుతున్నానని చెప్పుకునేవాణ్ణి. అతని పరిశోధన ఈస్టు మీద. బీరు చేసే ఫ్యాక్టరీలో పని అయిపోయాక పారబోసే ఈస్టుని బకెట్లతో తెచ్చుకునేవాడు. బ్యాటరీలు తయారయ్యే చోట మిగిలిపోయే సీసపు నీళ్ళలో దాన్ని కలిపి తిప్పేవాడు. అందులో విశేషమేమిటో ఒకసారి అడిగాను.

"ఈస్టు కణానికి పైన గోడ ఉంటుంది చూడూ, ఆ గోడ సీసాన్ని పట్టేసుకుంటుంది. నీళ్ళు శుభ్రం అయిపోతాయి."

"బతికున్న ఈస్టా, చచ్చినదా?"

"ఏదైనా ఒకటే. చచ్చినదైతే ఇంకా సుఖం, తిండి పెట్టక్కర్లేదు."

"పట్టుకున్నాక?"

"పల్చటి ఆసిడ్‌తో కడిగితే వదిలేస్తుంది. సీసం ఒకవైపు, ఈస్టు ఒకవైపు. ఆ ఈస్టుని మళ్ళీ వాడుకోవచ్చు."

"అంటే మన ఊళ్ళో ట్రాఫిక్ కానిస్టేబులన్నమాట. పట్టుకుంటాడు, పైవాడు గదిమితే వదిలేస్తాడు, మర్నాడు మళ్ళీ అక్కడే నిలబడతాడు."

అతను నవ్వలేదు. ఆ పోలిక మీద కాస్త ఆలోచించి, "రఫ్‌గా కరెక్టే," అన్నాడు. అలాంటి మనిషి.

ఆదివారాలు పై అంతస్తులో ఉండే అక్క, బావ మా ఇంటికి టిఫిన్‌కి దిగేవాళ్ళు. వాళ్ళది కరీంనగర్ వైపు. చుట్టరికం ఏమీ లేదు. మెట్ల మీద తెలుగులో తిట్టు వినిపించి తలుపు తీస్తే బావ సోఫా మోస్తూ కనపడ్డాడు, అంతే. ఆ చలికాలానికి అక్కకి ఐదో నెల. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. ఆ సంగతి అక్క ఒకే ఒకసారి, గిన్నెలు తుడుస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. బావ ఎప్పుడూ చెప్పలేదు. అతన్ని చూస్తే చాలు, తెలిసిపోయేది. ఆమె కుర్చీలోంచి లేస్తే ఇతను కూడా సగం లేచేవాడు.

బావకి అమెరికాలో అన్నిటికన్నా నచ్చింది వేడినీళ్ళ పంపు. "తిప్పితే సాలు తమ్మీ, పొగలు!" అని వచ్చినవాళ్ళకల్లా తిప్పి చూపించేవాడు. కడుపుతో ఉన్న మనిషి చన్నీళ్ళు ముట్టకూడదని, గోరువెచ్చని నీళ్ళే తాగాలని వాళ్ళమ్మ కబురు పెట్టింది. అక్కని స్టవ్ దగ్గర నిలబడనివ్వడు కాబట్టి, రోజూ తెల్లారగానే లేచి అతనే ఆ పంపు తిప్పి, ఫ్లాస్కు నిండా నీళ్ళు పట్టి, ఆమె మంచం పక్కన పెట్టేవాడు. ఆదివారం ఆ ఫ్లాస్కు కూడా వాళ్ళతో కిందికి దిగేది. మేమూ తక్కువ తినలేదు. పప్పు తొందరగా నానాలని ఆ వేడినీళ్ళే పోసేవాళ్ళం, కాఫీకీ అవే. మా ఊళ్ళలో వేడినీళ్ళంటే పొయ్యి, పొగ, అరుపులు. ఇక్కడ ఊరికే వస్తుంటే వదులుకోవడానికి మేమేమైనా మహారాజులమా?

ఆ రోజు ఇడ్లీలు దూదిలా వచ్చాయి. అన్నం వాసన తగిలినా పరిగెత్తే అక్క, నెలల తరవాత కడుపునిండా తిన్నది. బావ తన పళ్ళెం పక్కన పెట్టి ఆమె తినడమే చూస్తూ కూర్చున్నాడు.

"మంచిగున్నయ్ తమ్మీ. గిన్ని రోజులు ఎందుకు జెయ్యలే?" అన్నది అక్క.

"టెక్నిక్ ఇప్పుడే కుదిరిందండి," అన్నాడు మా సైంటిస్టు, నా వైపు చూడకుండా.

మిగిలినవి డబ్బాలో పెట్టుకుని ఫ్రీజర్‌లో దాచుకుంటానని అక్క పైకి పట్టుకెళ్ళింది, వెనకాలే బావ కూడా వెళ్ళాడు. నేను కాఫీకి పాల కోసం ఫ్రిజ్ తెరిచాను. పాల వెనక, ఊరగాయ వెనక, ఒక గాజు సీసా. అడుగున మట్టి రంగు ముద్ద, పైన తేట. దాని మీద చీటీ తడిసి, సిరా అలుక్కుపోయి, ఏమీ చదవడానికి వీల్లేకుండా ఉంది. ఆ ముద్దలో చెంచాతో తీసిన గుంట.

సీసాని టేబుల్ మీద పెట్టి నేను కుర్చీలో కూర్చున్నాను. సినిమాల్లో ఇన్‌స్పెక్టర్లు ఇలాగే కూర్చుంటారు. నా కుర్చీ ఒక కాలు పొట్టిది కావడంతో కొంచెం ఊగింది.

"ఒక్క చెంచా వేశానురా," అన్నాడు. "ఫ్రెష్ ఈస్టు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది. బీరు తాగితే తప్పులేదు గానీ..."

"నీ లాబ్‌లో ఇలాంటి సీసాలు ఎన్ని రకాలు?"

"రెండు. ఫ్రెష్‌ది ఒకటి, సీసం తాగినది ఒకటి."

"చూడ్డానికి తేడా ఏమిటి?"

చాలాసేపు ఆ సీసా వైపే చూశాడు. "చీటీ," అన్నాడు.

మేమిద్దరం చీటీ వైపు చూశాం. చీటీకి మేము అక్కర్లేదు.

"సీసం తాగినదాన్ని నేను ముందే ఉడకబెడతానురా. అది చచ్చిన ఈస్టు, పిండిని పొంగించలేదు. పిండి పొంగింది కాబట్టి ఇది ఫ్రెష్‌దే. లాజిక్!"

"ప్రతిసారీ ఉడకబెడతావా?"

"ఈ మధ్య కొన్నిసార్లు బతికున్నదాంతో కూడా..." అని ఆగిపోయాడు. ఆ ఆగిన చోటే బావ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అక్క ఫ్లాస్కు మర్చిపోయిందని దిగి వచ్చాడట.

"సీసం ఏంది?" అన్నాడు.

ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా ఆ ప్రశ్నకి సరదా జవాబు ఏదీ లేదు. నేను వెతికాను కూడా. మా రూమ్మేట్ మొత్తం చెప్పేశాడు, ఈస్టు కణం గోడ దగ్గరనుంచీ మొదలుపెట్టి. బావకి గోడ అక్కర్లేదు.

"నా పెండ్లాం తిన్న ఇడ్లీలల్ల సీసం ఉన్నదా, లేదా?"

"లేదండి బావగారూ. తొంభైతొమ్మిది పాళ్ళు లేదు."

"ఆ ఒక్క పాలు ఎక్కడున్నది?"

ఆ సాయంత్రానికి బిల్డింగంతా అనుమానంతో నిండిపోయింది. బావ అద్దం ముందు పెదవి ఎత్తి చిగుళ్ళు చూసుకున్నాడు. సీసం ఒంట్లో చేరితే చిగుళ్ళ మీద నీలి గీత వస్తుందని మా సైంటిస్టే చెప్పాడు, చెప్పకపోతే ప్రాణం పోతుందన్నట్టు. నా నోట్లో ఏదో ఇనప రుచి వచ్చినట్టు అనిపించింది. ఆలోచిస్తే అది మా స్టీలు చెంచాది. మా రూమ్మేట్‌ని బావ అనుమానించాడు. రూమ్మేట్ సీసాని అనుమానించాడు. నేను ఇద్దరినీ అనుమానించి, ఖాళీ సమయంలో నన్ను కూడా అనుమానించాను. రాత్రి భోజనానికి మేము ముగ్గురం, ఫ్యాక్టరీలో సీలు వేసిన రొట్టె పాకెట్ మాత్రమే తిన్నాం. సీలు వేసినవాడి మీద కూడా బావకి నమ్మకం లేదు గానీ, ఆకలి ఉంది.

అక్క ఒక్కతే మామూలుగా ఉంది. పైకి పిలిచి, ఫ్రీజర్‌లోంచి ఇడ్లీల డబ్బా తీసి మా సైంటిస్టు చేతిలో పెట్టింది.

"సూడు తమ్మీ. నాకు సముదాయించుడు వద్దు. పాళ్ళు వద్దు. నీ కాలేజీల సీసం పట్టిచ్చే మెషిన్ ఉన్నదంటివి గద. అండ్ల పెట్టి సూసి, ఉన్నది ఉన్నట్టు జెప్పు. ఉన్నదంటే డాక్టర్ కాడికి పోత. లేదంటే రేపు మల్ల తింట."

"మెషిన్ మా ప్రొఫెసర్‌దండి. ఆయనకి చెప్పాలి. లాబ్ ఈస్టు ఇంటికి తెచ్చానంటే..."

"ఏమంటడు?"

"తెలీదండి."

"నాకు గూడ తెల్వకనే గద అడుగుతున్న," అన్నది అక్క.

మర్నాడు ముగ్గురం కాలేజీకి వెళ్ళాం. ముగ్గురంటే మేమిద్దరం, ఇడ్లీల డబ్బా. వాళ్ళ ప్రొఫెసర్ పెద్దాయన, సన్నగా, కోటు మోచేతులకి అతుకులతో ఉంటాడు. ఎవరేం చెప్పినా "అది నీకెలా తెలుసు?" అనే మనిషి. బయట వాన పడుతోందని చెప్పినా అదే అడుగుతాడట. మా రూమ్మేట్ నేల వైపు చూస్తూ అంతా చెప్పాడు. అతని సీటు పోతుందేమోనని నేను తలుపు దగ్గర, పారిపోవడానికి అనువుగా నిలబడ్డాను. ఆయన అరవలేదు. ఒక ఇడ్లీని అరచేతిలో పెట్టుకుని నొక్కాడు, వాసన చూశాడు.

"దీన్ని ఉడికించారా? కాల్చారా?"

"ఆవిరి మీద."

"తెలివైన పని," అన్నాడు. తరవాత లాబ్ ఈస్టు లాబ్‌లోనే ఉండాలని, ఇంకోసారి ఇలా జరిగితే తన దగ్గర ఉండనక్కర్లేదని, అదే గొంతుతో అన్నాడు. ఆ తరవాత ఇంకోటి అడిగాడు. "ఈస్టు వెయ్యకుండా, మిగతావన్నీ అవే వేసి చేసినది ఏది?"

అది మా దగ్గర లేదు.

"మరి దీనిలో సీసం కనపడితే, అది ఈస్టుదని మీకెలా తెలుస్తుంది?"

ఆ రోజు ముందుగా సీసాలో ఈస్టుని మెషిన్‌కి ఇచ్చారు. అందులో చిన్న మంట ఉంటుంది. ద్రవాన్ని ఆ మంటలోకి చిమ్మితే, సీసం ఉంటే పక్కన కదిలే కాగితం మీద పెన్ను పైకి లేచి గీత గీస్తుంది. లేకపోతే తిన్నగా పోతుంది. సీసాలో ఈస్టుకి పెన్ను నిద్ర కూడా లేవలేదు. శుభ్రమైన ఈస్టు. మా రూమ్మేట్ కుర్చీలో కూలబడి, నా వైపు చూసి, "లాజిక్," అన్నాడు నీరసంగా.

"ఇంటికొచ్చిన సీసా ఇదేనని నీకెలా తెలుసు?" అన్నాను. ఆ గదిలో ఉంటే ఆ జబ్బు అంటుకుంటుంది.

తరవాత ఇడ్లీ వంతు. దాన్ని ఘాటైన ఆసిడ్‌లో వేసి మరిగించారు. దూదిలాంటి ఇడ్లీ, చట్నీ సాంబారు ఏమీ లేకుండా, పసుపుపచ్చ నీళ్ళయిపోయింది. మంటలోకి చిమ్మారు. ఈసారి పెన్ను వణికింది. లేవలేదు, వణికింది. మళ్ళీ చేస్తే మళ్ళీ వణికింది.

"ఇది సీసమైనా అయి ఉండాలి," అన్నాడు ప్రొఫెసర్, "వీధిలో లారీ అయినా వెళ్ళి ఉండాలి."

ఇంటికొచ్చి ఈస్టు లేకుండా పిండి కలిపాం. అదే పప్పు, అదే రవ్వ, అదే ఉప్పు, అవే వేడినీళ్ళు. మా పాత పద్ధతి. పాత పద్ధతిలాగే పిండి కదల్లేదు, ఇడ్లీలు రాళ్ళయ్యాయి. సైన్సు కోసం చేశాం కాబట్టి మొదటిసారి ఎవరూ బాధపడలేదు. వాటికీ పెన్ను సరిగ్గా అంతే వణికింది.

"అంటే ఈస్టుకి సంబంధం లేదు!" అన్నాడు మా రూమ్మేట్, కోర్టు మెట్లు దిగుతున్న ముద్దాయిలా.

"అంటే," అన్నాను, "నువ్వేమీ చెయ్యకముందు నుంచే మనం సీసం తింటున్నాం."

అతని ముఖంలో సంతోషం వచ్చినంత తొందరగానే పోయింది.

ఇక మిగిలినవి పప్పు, రవ్వ, ఉప్పు, నీళ్ళు. నాకు ముందు పప్పు మీద అనుమానం వచ్చింది. జర్నల్ స్క్వేర్ దగ్గర కొట్లో ఆ పప్పు అమ్మే పెద్దమనిషి ఎప్పుడూ తూకం వేసేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. మా రూమ్మేట్ నీళ్ళన్నాడు. పాత బిల్డింగుల్లో గొట్టాలు సీసంతో చేస్తారని, గొట్టాలు అతికించడానికి కూడా సీసమే వాడతారని ప్రొఫెసర్ అన్నాడట. కానీ నీళ్ళని నేరుగా మెషిన్‌కి ఇస్తే పెన్ను వణకను కూడా వణకలేదు. ఉన్నా, దాని కంటికి ఆననంత పల్చగా ఉంది.

అప్పుడు వచ్చింది అతనికి ఆలోచన. మూడేళ్ళుగా అతను చేస్తున్న పని అదే, కాకపోతే ఇంట్లో నీళ్ళకి చెయ్యాలని తోచలేదు. బకెట్ నీళ్ళలో కొంచెం శుభ్రమైన ఎండు ఈస్టు వేసి తిప్పితే, ఆ నీళ్ళలో ఎక్కడెక్కడో చెదిరి ఉన్న సీసమంతా ఈస్టు గోడలకి పట్టుకుంటుంది. ఈస్టు అడుగుకి దిగాక తేట పారబోసి, ఆ ముద్దని చిన్న గ్లాసెడు ఆసిడ్‌తో కడిగితే, బకెట్‌లో సీసమంతా గ్లాసులోకి వచ్చేస్తుంది. అప్పుడు పెన్ను చూడలేనంటే కుదరదు.

"నిన్నటిదాకా ఈస్టు దొంగ," అన్నాను. "ఇవ్వాళ దాన్నే పోలీసుల్లో చేర్చుకుంటున్నావు."

"నోరుముయ్యి. పాల డబ్బాలు ఖాళీ చెయ్యి."

మూడు రకాల నీళ్ళు కావాలి. కాలేజీలో శుద్ధి చేసిన నీళ్ళు, మా ఇంట్లో కాసేపు వదిలేసి పట్టిన చన్నీళ్ళు, వేడినీళ్ళు. వేడినీళ్ళ డబ్బా బావకే ఇచ్చాం. "రోజూ ఫ్లాస్కుకి ఎలా పడతావో అలాగే పట్టు బావా, తేడా వద్దు," అన్నాను. అతను తెల్లారగానే లేచి, రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళు, మొదటి ధార, ఒక్క చుక్క కింద పడకుండా పట్టి తెచ్చాడు. మూత మీద బట్ట కట్టి మరీ ఇచ్చాడు. "పప్పుల్నే ఉంటదిరా. ఆ దుకాణపోడు నా దిక్కు ఎన్నడు సక్కగ జూడలే," అన్నాడు. మొదటిసారి మా ఇద్దరి అనుమానం ఒకటైంది.

శుద్ధి చేసిన నీళ్ళ గ్లాసుకి పెన్ను తిన్నగా పోయింది. చన్నీళ్ళకి చిన్న మిట్ట. వేడినీళ్ళ గ్లాసు చిమ్మగానే పెన్ను లేచి, కాగితం పై అంచుకి కొట్టుకుని, అక్కడే టకటకలాడింది. ప్రొఫెసర్ కాగితం వైపు చూశాడు, మా వైపు చూశాడు. ఈసారి "నీకెలా తెలుసు" అనలేదు.

"వేడి పంపులో నీళ్ళు మీరు తాగుతారా?"

తాగుతాం అన్నాం.

"ఎవరూ తాగరే!" అన్నాడు. తరవాత, "ఎవరెవరు తాగుతారు?" అన్నాడు.

మా రూమ్మేట్ నా వైపు చూశాడు, నేను మెషిన్ వైపు చూశాను.

మేము ఆ రోజు రైలు దిగి ఇంటికి చాలా నెమ్మదిగా నడిచాం. ఈస్టుది తప్పయితే తిట్టడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు, నా పక్కనే నడుస్తున్నాడు. పప్పుదయితే దుకాణం వాడున్నాడు. ఇప్పుడు మేము మెట్లెక్కి వెళ్ళి, ఆ ఫ్లాస్కు రోజూ ఎవరు నింపుతున్నారో ఆ మనిషికి చెప్పాలి.

తలుపు అక్క తీసింది. బావ వెనకాలే ఉన్నాడు.

"ఈస్టేనా?" అన్నాడు.

"కాదండి."

"పప్పా? నేను జెప్పలే!"

"కాదండి బావగారూ. నీళ్ళు." మా రూమ్మేట్ గొంతు సవరించుకున్నాడు. "వేడి పంపు నీళ్ళు. పొద్దున్నే మొదట పట్టేవి. రాత్రంతా గొట్టంలో నిలిచి, ఆ వేడికి గొట్టంలో సీసాన్ని కరిగించుకుంటాయి."

బావ వంటింట్లోకి వెళ్ళి పంపు ముందు నిలబడ్డాడు. తిప్పాడు. పొగలు వచ్చాయి. కట్టేశాడు. మళ్ళీ తిప్పాడు, అది ఈసారి వేరేగా ప్రవర్తిస్తుందేమోనన్నట్టు.

"కొట్టు మనిషికి మనం క్షమాపణ చెప్పాలి బావా," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"రోజు నేనే..." అన్నాడు బావ పంపుతో.

"నువ్వే," అన్నది అక్క. "నాకు సల్లనీళ్ళు తాగాల్నుంటే గూడ తాగనియ్యలే. అది తర్వాత కొట్లాడుకుందం. ఇప్పుడు గది కట్టేసి ఇటు రా. తమ్మీ, డాక్టర్‌కి ఫోన్ జేసి నువ్వు మాట్లాడు. నీకు ఇంగ్లీషుల నవ్వించుడు వస్తది, తొందరగ అపాయింట్‌మెంట్ ఇస్తరు."

ఇవ్వలేదు. నేను నవ్వించిన రిసెప్షనిస్టు వచ్చే వారం ఇచ్చింది. బావ ఫోన్ లాక్కుని గట్టిగా అరిస్తే మర్నాడే ఇచ్చారు.

డాక్టరు శ్రద్ధగానే విన్నాడు. ఇడ్లీని ఆసిడ్‌లో కరిగించిన దగ్గర మాత్రం రాసుకోవడం ఆపేసి తలెత్తాడు. అక్క రక్తం తీసి పంపించారు. జవాబు రావడానికి రోజులు పడుతుందన్నారు. ఆ రోజులన్నీ బావ బయట కొన్న నీళ్ళు మోసుకొచ్చాడు, మోసుకొచ్చిన నీళ్ళని కూడా వెలుతురుకి ఎత్తి చూశాడు. మా ఇంటి ఓనరుకి చెబితే, ఈ బిల్డింగ్‌లో నీళ్ళవల్ల ఎవరూ పోలేదన్నాడు. మేము అద్దె తగ్గించుకోవడానికి ఆడుతున్న నాటకమని అతనికి అనుమానం. నాటకమైతే ఇంతకంటే మంచి మాటలు నేను రాసేవాణ్ణి.

ఆ వారం బావ మా ఇంటికి దిగలేదు. ఒకసారి మెట్ల మీద కనపడితే, మా రూమ్మేట్ వెళ్ళి, "మీరు మంచికే చేశారండి," అన్నాడు.

"మంచికే జేసిన," అన్నాడు బావ. "గదే గద. నువ్వు తప్పు జేసినా ఏం గాలే. నేను మంచికి జేస్తే గిట్లయింది." అని పైకి వెళ్ళిపోయాడు.

రక్తంలో సీసం ఉందన్నారు. ఉండాల్సినదానికంటే ఎక్కువ, డాక్టరు భయపడేదానికంటే తక్కువ. ఆ నీళ్ళు పూర్తిగా మానెయ్యమన్నాడు, పాలు తాగమన్నాడు, ఇంకోసారి పరీక్ష చేద్దామన్నాడు. రెండోసారికి తగ్గింది. బిడ్డకి ఏమైనా అవుతుందా అని బావ అడిగితే, "షుడ్ బీ ఫైన్," అన్నాడట.

"షుడ్ బీ ఫైన్ అంటే ఏంది తమ్మీ? ఫైనా, కాదా?" అని ఆ సాయంత్రం నన్ను పట్టుకున్నాడు.

"ఇంక నన్ను అడక్కండి అని అర్థం బావా."

అడిగాడు. నెలనెలా వెళ్ళి అడిగాడు. ఒకసారి డాక్టరు సెలవులో ఉంటే అతని బదులు వచ్చినామెని అడిగాడు. వసంతకాలంలో వాళ్ళు కొత్త గొట్టాలున్న ఇంకో బిల్డింగుకి మారిపోయారు. సోఫా మేమే దింపాం. ఆ ఇంట్లో అడుగు పెట్టకముందే మా రూమ్మేట్ చేత ఆ నీళ్ళు బకెట్‌తో తెప్పించి, ఈస్టు వేయించి, పెన్ను తిన్నగా పోయిన కాగితం ముక్క తనే చూసి వచ్చాడు బావ. మా రూమ్మేట్ సీసపు నీళ్ళ సీసాలకి అప్పటినుంచి ఎర్ర మూతలు పెడుతున్నాడు. మేమిద్దరం ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాం, పంపు చాలాసేపు వదిలేసి చన్నీళ్ళు పడతాం, పొయ్యి మీద కాచుకుంటాం. పొగ ఉండదు గానీ, అరుపులు ఉంటాయి.

ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రికి మేము వెళ్ళేసరికి అక్క కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. బావ కిటికీ దగ్గర పిల్లని రెండు చేతుల మీద పెట్టుకుని, వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. వేళ్ళు చూశాడు, చెవులు చూశాడు, అరికాళ్ళు చూశాడు. చిటికె వేసి ఇటు చూస్తుందేమో చూశాడు. అది అతని వైపు చూడలేదు, ఏడవడం మొదలుపెట్టింది. హాలు చివరిదాకా వినిపించేంత గట్టిగా. నర్సు వచ్చి పిల్ల ఆరోగ్యంగా ఉందని చెప్పింది. డాక్టరు కూడా అదే చెప్పి వెళ్ళాడట, మూడుసార్లు. బావ తల ఊపుతూ వింటున్నాడే గానీ వెతకడం ఆపలేదు. మా రూమ్మేట్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఉన్నది," అన్నాడు బావ ఉన్నట్టుండి. "నేను జెప్పలే? ఒకటి ఉన్నది."

"ఏమిటి?" అన్నాను.

"ముక్కు. సూడు జెర. మొత్తం మా నాయిన ముక్కే. ఆడపిల్లకు గింత ముక్కు ఎట్ల తమ్మీ?"

అక్క కళ్ళు తెరవలేదు.

"అది నేను పెండ్లిసూపులల్లనే సూసిన," అన్నది. "పిల్లనిటియ్యి, ఆకలైతున్నట్టున్నది."